చాదు మచ్చ లేని టోపీ

వంటింట్లో మైదా జిగురు ఉడుకుతోంది. చన్నీళ్ళలో పిండి ఉండకట్టకుండా కలిపి, చిటికెడు పసుపు వేసి, గరిటె ఆపకుండా తిప్పుతూ అడుగంటకముందే దించుకోవాలి. దించే ముందు బుడుకు బుడుకుమంటూ అది వదిలే వాసన ఉందే, పచ్చిపిండి వాసనా కాదు, గంజి వాసనా కాదు, కాస్త తియ్యగా, కాస్త వెగటుగా ఉండే ఆ వాసన సుంగై పెటానిలో మా వరస ఇళ్ళలో ఇంకెవరింటా రాదు. జిగురంటే అందరికీ గొట్టంలో వచ్చేదే. మా అమ్మాయి కూడా ఫ్యాక్టరీ డ్యూటీకి పోతూ పోతూ ఒక జిగురు గొట్టం, నాలుగు మెరుపు కాగితాలు నా చేతిలో పెట్టి, కావ్యకి బడిలో వేషాల రోజు ఉందట, టోపీ ఇంట్లోనే చెయ్యాలట, కొన్నది ఒప్పుకోరట అని చెప్పి, హెల్మెట్ తగిలించుకుని మోటారుసైకిలు ఎక్కేసింది. ఆ గొట్టాన్ని ఓ మూల పడేసి నేను పొయ్యి వెలిగించాను. కావ్య, అంటే నా మనవరాలు, పక్కిళ్ళ పిల్లల్ని కూడా పోగేసుకొచ్చి, పాత పేపర్లు చింపుతూ హాల్లో కూర్చుంది.

చిన్ననాటి వాసన తగిలితే చాలామందికి కళ్ళు చెమ్మగిల్లుతాయంటారు. నాకు కన్ను కుడుతుంది. అరవై దాటాయి, మోకాళ్ళు అరిగాయి, పళ్ళు కొన్ని పోయాయి, ఈ కుళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. అసూయ అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా ఇంట్లో దాని పేరు కుళ్ళే, నేను కూడా అలాగే అంటాను. ఎవరి మీద అంటారా? సెల్వి మీద. మా అమ్మని నాతో పంచుకున్న సెల్వి మీద.

మాది సుంగై సుమున్ దగ్గర కొబ్బరి ఎస్టేటు. గోడకి గోడ అతుక్కుని బారుగా ఉండే చెక్క ఇళ్ళు, పైన రేకులు, ముందు సిమెంటు అరుగు, వెనక నల్లటి కాలవ, ఆ బారుల్ని లయాలు అనేవాళ్ళం. మా లయంలో సగం తెలుగువాళ్ళు, సగం తమిళులు. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ మలయు దేశం వచ్చారని చెప్పేవారు, ఏ ఊరు అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పేవారు. మాకు కాలాలంటే ఎండాకాలం చలికాలం కాదు. మధ్యాహ్నం దాకా కాసే ఎండ, సాయంత్రానికి రేకుల మీద ఎవరో గులకరాళ్ళు గుమ్మరించినట్టు పడే వాన, ఏడాది చివర్లో కాలవ పొంగి అరుగు మీదికి వచ్చే పెద్ద వానలు, ఆ తరవాత రంబుటాన్ తొక్కలతో వీధంతా ఎర్రబడే పళ్ళ రోజులు, ఇవే మా కాలాలు. ఉగాది పచ్చడిలోకి బెల్లం దొరక్క తాటిబెల్లంలా ఉండే మలయు బెల్లం ముక్క కొట్టి వేసేవారు, వేపపువ్వు మారియమ్మన్ గుడి వెనక చెట్టు నుంచి రాల్చుకొచ్చేవాళ్ళం, దీపావళికి ప్రతి గుమ్మం ముందూ మురుకుల నూనె వాసన మర్నాడు పొద్దుటి దాకా కదిలేది కాదు. పిల్లలం అయిదు గులకరాళ్ళాట, తొక్కుడుబిళ్ళ ఆడుకుని, ఆట మధ్యలో తెలుగులో మొదలుపెట్టిన తగువును తమిళంలో తీర్చుకునేవాళ్ళం. ఒక్క టోపీ అన్న మాటకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. తెలుగులో టోపీ, మలయులో టోపీ, తమిళంలోనూ దాదాపు అదే. అరుగు మీద నిలబడి మా అమ్మ ఆ ఒక్క మాట కేకేస్తే చాలు, అన్ని భాషల పిల్లలూ చెంగున వచ్చి వాలేవారు.

మా అమ్మ అప్పాయమ్మ కొబ్బరి బట్టీలో పనిచేసేది. పగలగొట్టిన కాయల్లోంచి వంపు కత్తితో కొబ్బరి పెకలించడం, తడకల మీద పరచడం, కింద చిప్పలు రాజేసి ఆ సెగకి ఎండబెట్టడం ఆమె పని. ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా పొగ వాసన, నూనె వాసన. స్నానం చేసినా పోయేది కాదు, నాకు అది పోకూడదనే ఉండేది. అమ్మ పక్కన పడుకుంటే కొబ్బరి కురిడీ పక్కన పడుకున్నట్టే ఉండేది. ఆకూ వక్కా బుగ్గన పెట్టుకుని, చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని, ఎదుటివాళ్ళని మాటతో గిల్లుతూ ఉండేది. ఒక్క నిమిషం ఊరుకునేది కాదు.

నాకు ముందు పుట్టిన పిల్లలు నిలవలేదు. అందుకని నేను పుట్టగానే చాటలో పెట్టి పెంటకుప్ప దగ్గర దింపి, లయం చివరింటి ముసలావిడ చేత నన్ను దొరికిన పిల్లలా ఎత్తించి, ఆవిడకి దోసెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంది అమ్మ. మన దొడ్లో చెత్తని మృత్యువు మాత్రం ఏం చేసుకుంటుంది అని ఆ లెక్క. బడిలో నా పేరు సత్యవతి, ఇంట్లో పెంటమ్మ, పిలిచేది పెంటీ అని. అలా అని ఊళ్ళో పిల్లలందరినీ అమ్మ అలాగే పిలిచేదా అంటే, అదీ లేదు. పక్కింటి సెల్విని బంగారుతల్లీ అనేది, నా రత్నమే అనేది, ముద్దుల మూట అనేది. ఊరివాళ్ళ గుంటని పెంటీ గింటీ అంటే బాగుంటుందా అని ఆమె వాదన. నాకు ఆ వాదన తెలుసు. వినీ వినీ అరిగిపోయింది కూడా. కానీ ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చుని, ఒకే కంచంలో చల్దన్నం తింటూ, నన్ను పెంటీ అని, దాన్ని రత్నమా అని పిలుస్తుంటే ఏ పిల్లకి ఒళ్ళు మండదు?

సెల్వి నా ఈడుదే. తల్లి పోయినప్పటికి ఇంకా నడక కూడా రాలేదట. తండ్రి ఎస్టేటు ట్రాక్టరు తోలేవాడు, పొద్దున్నే బండి తియ్యబోయేముందు పిల్లని మా అరుగు మీద దింపేసి పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చి నిద్రపోతున్నదాన్ని భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాడు. అలా మా ఇంట్లోనే పెరిగి, మా అమ్మ దగ్గరే మాట నేర్చింది. అమ్మకి తమిళం వచ్చినా పిల్లలతో తెలుగే మాట్లాడేది కాబట్టి, సెల్వికి కోపమొచ్చినా, ఆకలేసినా ముందు తెలుగే వచ్చేది. అమ్మని అత్తా అని పిలిచేది. అంతవరకు నాకు అభ్యంతరం లేదు, అత్త వేరు, అమ్మ వేరు కదా.

మా ఎస్టేటు తమిళబడిలో ఏడాదికోసారి వేషాల పోటీ ఉండేది. వేషానికి ఏ గుడ్డలు కట్టుకున్నా సరే, తల మీద టోపీ మాత్రం ఇంట్లో చేసినదై ఉండాలని హెడ్మాస్టరు గారి నియమం. వేషాల రోజు దగ్గరపడుతోందంటే మా అరుగు తిరునాళ్ళే. ఆదివారం పొద్దున్నే అమ్మ అరటి నార తడిపి, ఒక్కొక్కరి తల చుట్టూ చుట్టి, కొలతకి ముడి వేసి, గోడకి కొట్టిన మేకుకి తగిలించేది. ఏ నార ఎవరిదో ఆమెకి చూస్తే తెలిసేది. పిల్లల చేతే పాత పేపర్లు చింపించేది, జిగురులో నానబెట్టించేది, బూడిద రాసిన సత్తు గిన్నె బోర్లించి దాని మీద పొర మీద పొర అంటించమనేది. గాలి బుడగ మిగిలితే పుర్రె మీద బొబ్బలా ఉంటుందని వేలిమీద ఒక్కటిచ్చేది. అంచుకి చైనావాడి కొట్లో ఇచ్చిన పాత క్యాలెండరు అట్ట, అది వంగకుండా లోపల కొబ్బరీనె. పూలకి గాలిపటాల రంగు కాగితాలు, మెరుపుకి సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం. అసలు కష్టమంతా ఆరబెట్టడంలోనే. సాయంత్రం వాన మా టోపీల కోసమే కాచుకుని ఉండేది. ఎండలో ఆరేది కాదని అమ్మ వాటిని బట్టీకి పట్టుకుపోయి, కొబ్బరి పక్కన తడక మీద బోర్లించేది. అందుకని మా లయం టోపీలన్నీ కురిడీ వాసన వేసేవి, చీమలు పట్టేవి, ఒకసారైతే ఎలుక ఒక సైనికుడి టోపీని సగం భోంచేసింది. ఆ సైనికుడు ఏడుస్తుంటే, యుద్ధంలో తూటా తగిలిందని చెప్పుకోమంది అమ్మ.

అన్నీ అయ్యాక, ఇక పెట్టుకుని బడికి పోవడమే తరువాయి అన్నప్పుడు, నా టోపీకి మాత్రం ఇంకో పని ఉండేది. సగ్గుబియ్యం పెనం మీద బొగ్గయ్యేదాకా మాడ్చి, నీళ్ళు పోసి మరగబెట్టి, కొబ్బరి చిప్పలో పోసి ఎండబెట్టిన చాదు మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. చంటిపిల్లల బుగ్గన చుక్క పెట్టేది దాంతోనే. అమ్మ నీళ్ళలో బొటనవేలు ముంచి, ఆ చిప్పలో రుద్ది, నా టోపీ ముందు అంచు మీద, సరిగ్గా అందరికీ కనపడే చోట, ఇంత మచ్చ అద్దేది. కష్టపడి అతికించిన కాగితం పువ్వు పక్కనే, పేడకడి వేసినట్టు. ఎదుటివాళ్ళ కన్ను ఆ మచ్చ మీద పడాలి, నా మీద పడకూడదు. సెల్వి టోపీకి, మిగతావాళ్ళ టోపీలకి ఏ మచ్చా ఉండేది కాదు. ఊరివాళ్ళ పిల్లల్ని పాడు చెయ్యకూడదు కదా.

తెలియక కుళ్ళుకున్నానని ఎవరూ అనుకోకండి. తెలిసే కుళ్ళుకున్నాను. అమ్మ నా మీది ప్రేమతోనే మసి పూస్తోందని నాకు బాగా తెలుసు, తెలిసి ఏం చేసుకోను? ప్రేమ లోపల ఉంటుంది, మచ్చ బయట కనపడుతుంది. ఒక ఏడాది సెల్వి రాణి వేషం వేసింది. అమ్మ ఎక్కడెక్కడి వెండి కాగితాలో కూడబెట్టి, గోటితో ముడతలు తీసి, ఆ కిరీటం చేసింది. దారంట పోయే ఎస్టేటు గుమాస్తా సైకిలాపి మరీ చూశాడు. ఎవరు చేశారమ్మా అంటే, మా అత్త అని సెల్వి ఛాతీ విరుచుకుని చెప్పింది. నేను ఆ పక్కనే మచ్చ టోపీతో పోస్టుమాన్ వేషంలో నిలబడి ఉన్నాను, నన్ను ఎవరూ అడగలేదు. దిష్టి తగలకూడదని చేసింది కదా, నిజంగానే తగల్లేదు, నా వంక చూసినవాడే లేడు. ఆ కిరీటం మీద వాన కురవాలని మా గుళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆ రోజు మాత్రం వాన రాలేదు.

తరవాతి ఏడాది పెద్ద వానల్లో సెల్వికి జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు, వేపాకు పరిచి పడుకోబెట్టారు. తగ్గకపోయేసరికి తండ్రి దాన్ని ట్రాక్టరు మీదే రోడ్డుదాకా తీసుకెళ్ళి, అక్కణ్నుంచి తెలుక్ ఇంటాన్ ఆసుపత్రికి చేర్చాడు. అమ్మ పని మానేసి వెంట వెళ్ళింది. నన్ను చివరింటి ముసలావిడ దగ్గర వదిలింది. అమ్మ లేని ఇంట్లోకి పోయి, ఆమె చీర మడత విప్పి మొహం మీద వేసుకుని వాసన చూసేదాన్ని. జ్వరం నాకు రాకూడదా, సెల్వికే రావాలా అని ఏడ్చిన ఏడుపు నాకు బాగా గుర్తు. అందరూ అది సెల్వి మీద జాలి అనుకుని నన్ను మెచ్చుకున్నారు.

సెల్వి తిరిగి వచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయాను. జుట్టంతా కత్తిరించేశారు, మెడ పుల్లలా ఉంది, కళ్ళు మాత్రం మిగిలాయి. లయంలో ఆడవాళ్ళు వరసగా వచ్చి, అయ్యో ఎలాంటి పిల్ల ఎలా అయిపోయింది, దీపంలాంటి పిల్ల, ఎవరి కన్ను పడిందో ఏమో అని బుగ్గలు నొక్కుకుని పోయేవారు. వాళ్ళు గుమ్మం దాటగానే అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది.

వేషాల పోటీ ఆ నెలలోనే. ఈసారి నాకు దొరసాని టోపీ కావాలన్నాను. ఎస్టేటు దొర పెళ్ళాం ఎప్పుడో ఒకసారి కారు దిగి బట్టీ చూసిపోయింది, వెడల్పాటి అంచు, చుట్టూ రిబ్బను, పక్కన పూల గుత్తి, ఆ టోపీ నా కళ్ళల్లో ఉండిపోయింది. ఇంకో మాట కూడా అన్నాను. చాదు పెట్టడానికి వీల్లేదని. అన్నం ముందు అన్నాను, అన్నం తరవాత అన్నాను, బట్టీ దాకా వెనకాలే నడుస్తూ అన్నాను, కాలవలో బట్టలు ఉతుకుతుంటే పక్కన నిలబడి అన్నాను. పెట్టావంటే టోపీ కాలవలో పారేస్తానన్నాను. సెల్వికి ఎప్పుడూ పెట్టవు, నాకెందుకు అన్నాను. అమ్మ మొదట్లో తిట్టింది, తరవాత నవ్వింది, చివరికి ఒకరోజు చేస్తున్న పని ఆపి, నన్ను కింది నుంచి పైదాకా, కొనబోయే మేకని చూసినట్టు చూసింది.

"సర్లే. నీకొద్దు కదా, పెట్టన్లే," అంది.

గెలిచాను అనుకున్నాను. ఆ టోపీకి నేనే పేపర్లు చింపాను, నేనే అంటించాను, ఒక్క బుడగ ఉండనిస్తే ఒట్టు. సెల్వికి పోలీసు టోపీ. పాత నార వదులైపోయిందని అమ్మ దానికి కొత్తగా కొలిచింది. నార చుట్టి ముడి వేసే ముందు చాలాసేపు ఆ తల మీద చెయ్యి అలా ఉంచేసింది. నాకు కనపడింది, కానీ ఆ వేళ నా ధ్యాసంతా ఎర్ర కాగితం మందారాల మీదే ఉంది.

పోటీ రోజు పొద్దున్న అమ్మ మా ఇద్దరికీ తల దువ్వింది. సెల్వికి దువ్వడానికి ఏమీ లేకపోయినా దువ్వెన తలమీద అలా ఆడించింది. తరవాత నా టోపీ తెచ్చి నా తల మీద పెట్టింది. తెల్లగా, శుభ్రంగా, ఎక్కడా మచ్చ లేదు. అరుగు దిగి నీళ్ళ తొట్టిలో నా మొహం చూసుకున్నాను. దొరసాని కూడా ఇంత బాగుండదు అనుకున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి అమ్మ బొటనవేలు కొబ్బరి చిప్పలో ఉంది. ఆ వేలు తీసి సెల్వి టోపీ ముందు, పోలీసు బిళ్ళ ఉండాల్సిన చోట, బాగా ఒత్తి, ఇంత మచ్చ అద్దింది. నాకు అద్దే దానికన్నా పెద్దది. అద్ది, వేలికి మిగిలినదాన్ని తన తలకే రాసుకుంది. నాకు అద్దినప్పుడు కూడా ఎప్పుడూ అలాగే రాసుకునేది.

సెల్వి ఏడుస్తుందనుకున్నాను, ఏడవాలని కోరుకున్నాను కూడా. ఏడవలేదు. టోపీ తీసి, ఆ మచ్చని కాసేపు చూసి, మళ్ళీ పెట్టుకుని, నా వంక ఒక చూపు చూసింది. ఇన్నాళ్ళకి నాకూ వచ్చింది చూశావా అన్నట్టు. అప్పటిదాకా అది కూడా నా మచ్చ చూసి కుళ్ళుకునేదన్న మాట అప్పుడే నాకు తట్టింది.

ఆ ఏడాది మొదటి బహుమతి నాకే వచ్చింది. రంగు పెన్సిళ్ళ పెట్టె. అందరూ చప్పట్లు కొట్టారు, టీచరమ్మ నన్ను బల్ల మీద ఎక్కించి అందరికీ తిప్పి చూపించింది. నేను మాత్రం బల్ల మీంచి ఆడవాళ్ళ వరసలో అమ్మ ఎక్కడుందా అని వెతికాను. అమ్మ నన్ను చూడటం లేదు. సెల్వి ఎండలో ఎక్కువసేపు నిలబడిందని, దాన్ని గోడ నీడలోకి లాక్కుని, కొంగుతో విసురుతోంది. సెల్వి టోపీ మచ్చ మీద చెయ్యి పెట్టుకుని, ఎవరో అడిగితే మా అత్త పెట్టింది అని చెబుతోంది. నేను బల్ల మీద పెన్సిళ్ళ పెట్టెతో, పూలతో, రిబ్బనుతో, అంతమంది కళ్ళ మధ్య, ఒంటి మీద గుడ్డ లేనట్టు నిలబడ్డాను.

ఇంటికొచ్చి బహుమతి పొయ్యి గట్టు మీద పడేసి, నాకు కూడా చాదు పెట్టమన్నాను. టోపీకి కాదు, బుగ్గన పెట్టినా సరే, అరికాలికి పెట్టినా సరే అన్నాను. అమ్మ చేపలు తోముతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఒలే పెంటీ, నువ్వు నిలిసినావు. నీ గురించి నాకు బెంగ నేదు. ఆ గుంట నిలవాల."

అంతే. చేపలు కడిగిన నీళ్ళు కాలవలో పోసి మసాలా నూరుకుంది. పెద్దయ్యాక చాలామంది తల్లులు పిల్లలకి నీ గురించి బెంగ లేదని చెప్పడం విన్నాను, ఆ పిల్లలు సంతోషపడటం కూడా చూశాను. నాకు మాత్రం ఇంట్లోంచి సామాను బయట పెట్టేసినట్టు అనిపించింది. అమ్మ బెంగంతా అప్పటిదాకా నాదేనని నాకు అంతకుముందు తెలియదు, తెలిసేసరికి అది పక్కింటికి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి సెల్వి అత్తా అనడం మానేసి అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరూ దాన్ని వారించలేదు. నేను మూతి ముడుచుకుని తిరిగితే, ఎండకి పైత్యం చేసిందని నాకు నిమ్మరసం ఇచ్చారు.

తరవాత ఎస్టేటు చేతులు మారింది. కొబ్బరి చెట్లు పడగొట్టి పామాయిల్ మొక్కలు వేశారు, బట్టీ తీసేశారు, లయాలు పీకేశారు. నేను పెళ్ళి చేసుకుని సుంగై పెటాని వచ్చాను, అమ్మ నాతోనే వచ్చింది. సెల్వి తెలుక్ ఇంటాన్‌లో స్థిరపడింది. మా ఆయన వైపు వాళ్ళు పేరుకి తెలుగువాళ్ళు, ఇంట్లో మాట తమిళమే. పిల్లలు బడికి పోయాక మలయు, ఇంగ్లీషు కూడా చేరాయి. నేను ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూనే, రామమందిరంలో ఆదివారం పెట్టే క్లాసులకి పోయి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను, పుస్తకాలు చదివాను, ఇదిగో ఇలా రాయడం కూడా వచ్చింది. కానీ ఆ పుస్తకాల తెలుగు నా నోటికి పట్టేసి, అమ్మతో మాట్లాడబోతే ఆమె నవ్వేది, ఏదో సభలో ఉపన్యాసం విన్నట్టుందని. బడి సెలవుల్లో సెల్వి బస్సెక్కి వచ్చేది. ఇద్దరూ వెనక గుమ్మంలో కూర్చుని, అన్నం చల్లారిపోయినా పట్టించుకోకుండా, ఎస్టేటులో చచ్చినవాళ్ళనీ బతికినవాళ్ళనీ తలుచుకుని విరగబడి నవ్వేవారు. షిఫ్టు దిగి వచ్చిన నేను వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టేదాన్ని. అమ్మ పోయిన రోజు సెల్వి శోకాలు పెట్టి ఏడ్చింది, పాతకాలం పద్ధతిలో, తెలుగులో, అమ్మ చేసిన ఒక్కొక్క పనీ పేరుపెట్టి. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏడ్చేదే కూతురనుకుని సెల్వి చేతులే పట్టుకున్నారు. నేను వాళ్ళకి కాఫీలు ఇచ్చాను.

ఇవాళ కావ్య టోపీ బాగానే కుదిరింది. పిల్లలకి జిగురులో చేతులు పెట్టడం మొదట అసహ్యం వేసింది, కాసేపటికి మోచేతుల దాకా ముంచేశారు. గిన్నె మీద పొరలు అంటించడం, బుడగలు నొక్కడం, అంచు కోసం అట్ట కత్తిరించడం అన్నీ వాళ్ళే చేశారు. బట్టీ లేదు కాబట్టి ఫ్యాను కింద పెట్టి, ఆమీద హెయిర్ డ్రయ్యరు పట్టాం. ఆరిపోయాక నాకు మనసాగలేదు. చాదు ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు? మా అమ్మాయిది కాటుక పెన్సిలు ఉంటే అది తెచ్చి, టోపీ అంచు మీద ఒక చుక్క పెట్టాను, చిన్నదే. కావ్య ముక్కు చిట్లించి, "కొతోర్‌లా, అమ్మమ్మా," అని తడి కాగితంతో తుడిచేసింది. మురికట. పిల్లలందరూ తలలూపారు. ఆ వయసులో నేను అడిగిందీ అదే కదా.

టోపీ ఫొటో తీసి సెల్వికి పంపాను. ఎందుకు పంపానో అడక్కండి, మెచ్చుకోవాలని కాబోలు. వెంటనే వీడియో కాల్ చేసింది. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఏటే ఆ అంచు, వొంకరగా కట్టినావు? నార తడిపినావా నేదా? ఎండు నార ఎప్పుడూ కొలత సాగిపోద్దని సెప్పనేదేటి నీకు!"

గొంతు కాదు, గొంతు సెల్విదే. కానీ ఆ తిట్టడం, తిట్టు చివర కాస్త సాగదియ్యడం, మధ్యలో ఆకూ వక్కా పక్కకి తోసుకున్నట్టు ఆగడం, అంతా మా అమ్మే. అరవై దాటిన తమిళావిడ నోట్లోంచి మా అమ్మ నన్ను తిడుతోంది. నేను మర్యాదగా, శుభ్రమైన తెలుగులో ఏదో సమాధానం చెప్పాను. కావ్య నా భుజం మీంచి ఫోన్‌లోకి తొంగి చూసి, తమిళమూ ఇంగ్లీషూ కలిపి నన్ను అడిగింది. ఆ ఆంటీయేనా అసలైన తెలుగువాళ్ళు, నువ్వు మాట్లాడితే టీచర్ మాట్లాడినట్టుంటుంది, ఆమె మాట్లాడితే ఇంట్లో మాట్లాడినట్టుంది అని.

ఒళ్ళు భగ్గుమంది. సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పిల్లలు టోపీ పట్టుకుని బయటికి పరిగెత్తారు. హాల్లో జిగురు మరకలు, పేపరు ముక్కలు మిగిలాయి. గుడ్డ తడిపి తుడుస్తూ కూర్చున్నాను. సుంగై సుమున్ వైపు ఎవరైనా పోతే చెబుతుంటారు, మీ లయాలున్న చోట ఇప్పుడు పామాయిల్ చెట్లే, వరసలు కూడా తెలియడం లేదని. బట్టీ లేదు, అరుగు లేదు, ఆదివారం పొద్దున్నే కేకలేసేవాళ్ళు లేరు. మా అమ్మ మాట్లాడిన మాట కూడా ఇక ఈ ఇంట్లో లేదు. నేను కన్న పిల్లలకి రాలేదు, వాళ్ళ పిల్లలకి రాదు, నాకేమో పుస్తకాలు నేర్పిన మాట మిగిలింది. ఉన్నదంతా పోయి, పోయి, తెలుక్ ఇంటాన్‌లో ఒక్క మనిషి దగ్గర మిగిలింది. అది కూడా దానికే మిగలాలా?

గుడ్డ పక్కన పడేసి, చేతులు చీరకి తుడుచుకుని, మళ్ళీ ఫోన్ చేశాను.

"ఏటే, ఏటైంది?" అంది.

"ఏటీ నేదే," అన్నాను. "మాటాడు."